మా కేప్టెన్ బాబాయికి ఆఖరి వేళాకోళం

బాబాయి పోయారన్న కబురు నాకు హైదరాబాద్‌లో, విమానం ఆగిన కాసేపటికి తెలిసింది. నిజానికి ఆ విమానం నడపాల్సింది ఆయనే. ఆ పొద్దున ఒంట్లో బాగోలేదని ఆయన డ్యూటీ మానుకుంటే, కలకత్తాలో మా ఇంట్లో స్టాండ్‌బైలో, అంటే పిలుపొస్తే వెళ్లేందుకు సిద్ధంగా ఉన్న నన్ను పిలిచి ఆయన సీట్లో కూర్చోబెట్టారు. ఇంజన్లు ఆపి, చెక్‌లిస్టు ముగించి ఫోన్ ఆన్ చేశాను. జంషెడ్‌పూర్ నుంచి ఆయన కొడుకు పదకొండుసార్లు చేసి ఉన్నాడు. తిరిగి చేస్తే, "దీదీ, పాపా నహీ రహే" అన్నాడు. మా జంషెడ్‌పూర్‌లో తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు విని హిందీలో జవాబిస్తారు. నాన్న లేరన్న ఆ కబురూ హిందీలోనే చెప్పాడు. నేను "ఎవరి పాపా?" అని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న నా జన్మలో అడగలేదు. వెనక దిగుతున్న ప్రయాణికులకు ఎయిర్‌హోస్టెస్ నమస్కారాలు చెబుతూనే ఉంది.

రెండు నెలల కిందటే ఆయన మెడికల్ పరీక్ష పాసయ్యారు. గుండె, కళ్లు, రక్తం అన్నీ చూసి విమానం నడపవచ్చని సంతకం చేసి ఇచ్చారు. ఆ కాగితం ఆయన బ్యాగులో ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మకం కుదరడం లేదు. కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయన నాన్నగారూ మా నాన్నా జంషెడ్‌పూర్ ఉక్కు ప్లాంటులో ఒకే షిఫ్టు. వాళ్లది అగ్రికోలో క్వార్టరు, మాది సీతారాండేరా. మా ఊరి తెలుగువాళ్లలో మొదటి పైలట్ ఆయనే. నేను రెండోదాన్ని. కో-పైలట్‌గా చేరిన మొదటి నెల నా శిక్షణ ఆయన చేతిలోనే పడింది. నేను బాబాయ్ అని పిలవబోతే ఆయన వేలు చూపించి ఆపారు. "సక్రం నేల వదిలితే సార్ అను. నేల తగిలితే బాబాయ్ అను. మజ్జిలో కలిపీకు" అన్నారు. కేప్టెన్‌నయ్యాక కూడా ఆ లెక్క తప్పలేదు.

మా బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరు, కలకత్తా. అక్కడే ఇల్లు తీసుకోమని కంపెనీలో అందరూ చెప్పినా ఆయన వినలేదు. మా ఊరి స్టేషన్ టాటానగర్‌లో రైలెక్కి డ్యూటీకి వచ్చేవారు. బ్యాగులో అడుగున యూనిఫారం, పైన లుంగీ. రైల్లో పక్కవాడు ఏం చేస్తారని అడిగితే "డ్రైవర్నండీ" అనేవారు. ఏ లైన్లో అని అడిగితే "పై లైన్లో" అనేవారు.

నెలకోసారి మా డ్యూటీల పట్టిక వస్తుంది, రోస్టర్ అంటాం. మా లోకంలో గడియారం లండన్‌ది. మన టైము కావాలంటే ఐదున్నర గంటలు కలుపుకోవాలి. పిన్ని ఆ లెక్కంతా తనే చేసి వంటింటి కేలండర్ మీద ఎక్కించేది. ఒకసారి బాబాయి ముందే కలిపి ఇచ్చిన పట్టికకు ఆవిడ మళ్లీ ఐదున్నర కలిపింది. ఆ ప్రకారం ఆయన మధ్యాహ్నం ఇంట్లో ఉంటారని బిర్సానగర్ నుంచి ఆడపడుచు కుటుంబాన్ని భోజనానికి పిలిచింది. వాళ్లు విస్తళ్ల ముందు కూర్చునే వేళకు ఆయన గౌహతి పైన ఉన్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆలస్యంగా ఎవరొచ్చినా "మా ఆవిడ టైమా, లండన్ టైమా?" అని అడిగేవారు.

డ్యూటీ మీద వేరే ఊళ్లో బస చేసినప్పుడు ఆయనకో అలవాటుండేది. పడుకునేముందు హోటల్ పేరున్న పెన్ను తెచ్చి తలగడ పక్కన పెట్టుకునేవారు. లేవగానే అది చూస్తే ఏ ఊళ్లో ఉన్నామో తెలుస్తుందట. "నెలకి పద్నాలుగు మంచాలే. బుర్రకేటి గుర్తుంటాది?" అనేవారు. ఇద్దరు పైలట్లు ఒకే వంటకం తినకూడదని మాకో నియమం. ఒకరికి పడకపోయినా రెండోవారు నడపాలి కదా. ఈయన దాన్ని ఇంటికి కూడా తెచ్చారు. నేను అగ్రికో వెళ్తే, నేను వంకాయ వేసుకుంటే ఆయన బెండకాయ వేసుకునేవారు. పిన్ని రెండు కూరలు చేయలేక తిట్టేది. ఆయన ముక్క కూడా మార్చుకోనిచ్చేవారు కాదు.

నన్ను ఏడిపించడంలో ఆయనకున్న ఓపిక దేనిలోనూ లేదు. ఒకసారి పాట్నాలో గట్టిగా దించాను. విమానం రెండుసార్లు ఎగిరి కూర్చుంది. హోటల్‌కి వెళ్లే వ్యానులో అందరి ముందూ, "ఒక్క టికెట్టుకి మూడు లేండింగులు ఇచ్చీసేవు. లాగ్‌బుక్కులో ఏది రాద్దాం?" అన్నారు.

కానీ ఒక్కసారి మాత్రం వ్యానులో వేళాకోళం ఆడలేదు. నాకు జలుబు. కొత్త ఉద్యోగం, మానితే ఏమనుకుంటారో అని దాచిపెట్టి వచ్చాను. విమానం కిందికి దిగుతుంటే చెవుల్లో పోటు, ఆయన చెప్పిన మాట రెండుసార్లు అడిగాను. హోటల్‌లో తాళాలు తీసుకున్నాక నన్ను పక్కకు పిలిచారు.

"జలుబుతో వచ్చీసేవు. సెవులు పోతే నీవి. యెనకాల కూకున్నోలు ఏటి సేసినారే?"

"అందరూ నవ్వుతారని, సార్..."

"నేల మీదున్నాం. బాబాయ్ అను. నవ్వితే నవ్వనీ. ఒంట్లో బాగోనేదని ఫోన్ సెయ్యడం నీ పని. ఏడిపించడం మా పని. రెండూ ఒకేసారి జరగాల."

మా బేస్‌లో అదే ఆచారమైంది. ఎవరైనా ఆఖరి గంటలో డ్యూటీ మానుకుంటే, స్టాండ్‌బై నుంచి లేచి వెళ్లేవాళ్లకు ఒక వేళాకోళం ఆడే హక్కు. నాకు జ్వరమొస్తే ఆయన "ఏ సినిమాకి టికెట్టు దొరికింది?" అని రాసేవారు. అది చూసి నవ్వొచ్చేది, మానేశానన్న సిగ్గు పోయేది.

అందుకే ఆ రోజు పొద్దున ఏడింటికి మా ఆఫీసు నుంచి ఫోనొచ్చి, ఆయన టాటానగర్ ప్లాట్‌ఫారం మీద నుంచే మానుకున్నారని చెప్పగానే నేను సంబరపడ్డాను. ఆయన మానుకోవడం నేనెన్నడూ ఎరగను. ఇన్నేళ్లకు నా చేతికి చిక్కారు. తల దువ్వుకుంటూ మెసేజ్ పెట్టాను: "ఏం బాబాయ్, ఇవాళ మేచ్ ఎవరితో? మీ విమానం నేను తోలతాను గానీ, సోఫా వదలకుండా చూడండి." పక్కన మూడు నవ్వుల బొమ్మలు కూడా పెట్టాను.

హైదరాబాద్ హోటల్‌కి రోస్టర్ మారిన సంగతి ఇంకా చేరలేదు. గది తాళం పెట్టిన కవరు మీద ఆయన పేరే ఉంది. కౌంటర్లో కుర్రాడు పేరు చదివి, "మీరేనా మేడమ్?" అన్నాడు. అవునన్నాను. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఫోన్ చూశాను. నా మెసేజ్ పక్కన రెండు టిక్కులు, బూడిద రంగులో. చేరింది, చదవలేదు. లేకపోతే తెరవకుండా పైనుంచే చదివారా? "సోఫా వదలకుండా" అన్న మాట చూసి, నవ్వుకుని, ఆసుపత్రికి వెళ్లేవారు కాస్తా ఆగిపోయారా? ఆ ఒక్క ప్రశ్న నన్ను పట్టుకుంది. మర్నాటి విమానం నడపలేనని ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎవరూ వేళాకోళం చేయలేదు.

అగ్రికో చేరేసరికి ఇంటి ముందు చెప్పులు నిండిపోయి ఉన్నాయి. జరిగింది పిన్ని చెప్పింది. స్టేషన్ నుంచి ఆటోలో వచ్చారట. గేసేమో అన్నారట. పడుకున్నారట. మధ్యాహ్నం ఆవిడ మందుల షాపుకి వెళ్లి వచ్చేసరికి అంతే. "పావుగంటమ్మా. నాను యెల్లింది పావుగంట" అని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతోంది. నా చేయి పట్టుకుని, "ఆయన ఇమానం నువ్వే తీసుకెల్లేవటగా?" అంది. మెసేజ్ సంగతి చెప్పాలని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. సుబర్ణరేఖ నది ఒడ్డున దహనం అయ్యాక, దొంగలా కలకత్తా రైలెక్కాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం టిక్కులు నీలం రంగులోకి మారాయి.

నేను అప్పుడు కూరగాయలు తరుగుతున్నాను. కత్తి పక్కన పెట్టి ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఇంతలో అదే నంబరు నుంచి ఫోనొచ్చింది. తెర మీద "బాబాయ్" అని, టోపీ పెట్టుకున్న ఆయన ఫొటో. నేల మీద కూర్చుని ఫోనెత్తాను.

"ఆ దినాన మేచ్ నేదమ్మా" అంది పిన్ని. "టీవీయే ఎట్టనేదు."

"పిన్నీ, నాకు తెలీదు. ఆ మాట చూసి బాబాయ్ డాక్టరు దగ్గరికి..."

"సూడనేదమ్మా. ఫోను బేగులో ఉండిపోయింది. బేగు టేసన్నుంచి వచ్చినట్టే మూలనుంది. ఇయాల తీసి చార్జింగెట్టినాను." మళ్లీ తనే అందుకుంది. "ఎన్ని మెసేజులో! ఓం శాంతి, ఓం శాంతి. అన్నీ పోయినోడికి రాసినవే. బతికున్నోడికి రాసింది ఇదొక్కటే ఉందే గుంటా."

నేను గట్టిగా ఏడ్చాను. పన్నెండు రోజుల్లో అలా ఏడవడం అదే మొదలు. ఆవిడ ఊరుకోమనలేదు. నేను ఆగాక, "నాలుగుసార్లు సదివినాను. నవ్వొచ్చింది. మా ఇంట్లో నవ్వి ఎన్నాళ్లయింది! ఈ నంబరు తీసీమని మావాడు అంటన్నాడు. నాను ఉంచుతాను. నువ్వు అలాటివే రాత్తుండు. ఏటీ అనుకోకు" అంది.

ఈ నాలుగు మాటలూ చదివేవారికి ఆయన గొప్పలు చెప్పాలని కూర్చోలేదు. ఆయన నాకు నేర్పినది నేను ఆయన మీదే ప్రయోగించాను, అది ఆయనకు చేరలేదు. ఎవరికి చేరిందో చెప్పాలనిపించింది.

ఇవాళ వచ్చే నెల రోస్టర్ వచ్చింది. ఆరు రోజులు వరసగా పొద్దున్న డ్యూటీలు వేశారు. చాలాసేపు ఆలోచించి ఆ నంబరుకి రాశాను: "ఈసారి నన్ను కోడికంటే ముందు లేపుతున్నారు బాబాయ్. మీరు మాత్రం హాయిగా పడుకోండి." టిక్కులు వెంటనే నీలమయ్యాయి. ఆయన పేరు కింద "టైపింగ్" అని వచ్చింది. పిన్నికి ఫోన్లో తెలుగు రాయడం రాదు. అయినా ఆ మాట చాలాసేపు అలాగే ఉంది.