మా గల్లీ బోరు, గోడ అవతలి నీళ్ళు

మా గల్లీ బోరు నీళ్ళు తాగవచ్చని పదకొండేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చింది నేనే.

నాంపల్లి స్టేషను వెనక మా గల్లీ చివర ఒక గోడ. గోడ అవతల ఇనుప సామానుకు మెరుపు పూత వేసే పాత కార్ఖానా. అది నడిచిన రోజుల్లో తొట్లు కడిగిన పసుపుపచ్చ నీళ్ళు పెరట్లోని గుంటలోకి పోవడం ఈ కళ్ళతో చూశాను. అర్జీలు రాశాను. ఒక్కడూ జవాబివ్వలేదు. యజమాని గేటుకు తాళం వేసుకుని పోయాడు. గుంటలో ఇంకిపోయిన దానికి ఏ తాళం వేస్తాడు?

నేను బడికి పోయింది తక్కువ. ఉస్మాన్‌గంజ్‌లో మోటార్లకు తీగ చుట్టి బతికాను. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని రాళ్ళ గురించి, నీళ్ళ గురించి చదివాను. మా కింద ఉన్నది గ్రానైటు. దాని పగుళ్ళలోనే నీళ్ళు నడుస్తాయి. నేల మూసీ వైపు వాలి ఉంది. కార్ఖానా పల్లంలో, మా బోరు మిట్టన. అక్కడి నీళ్ళు ఇక్కడికి ఎక్కవు అని తేల్చేశాను. నల్లా రాని రోజు గల్లీ అంతా నా మాట మీదే ఆ బోరు నీళ్ళు తాగింది.

ఈ వేసవిలో ఆ కార్ఖానా జాగా అమ్మకానికి వచ్చింది. మట్టి, నీళ్ళు పరీక్షించడానికి వచ్చిన అమ్మాయి గోడ అవతల ఒక సన్నటి బోరు వేయించి, ఒక ఉదయం నా దగ్గరికి వచ్చింది.

"తాతా, మీ మోటార్ జర నడిపిస్తరా? గాడ మా బోరుల నీళ్ళు దిగుతయో లేదో చూస్త."

"ఎందుకు దిగుతయ్ బిడ్డా? మీది పల్లం. గిది గూడ తెల్వకుంట ఏం చదివినవ్?"

నా సంగతి గల్లీలో అప్పటికే విన్నట్టుంది, నవ్వింది. "కాలేజీల చదివిన తాతా. మీలెక్క ఫుట్‌పాత్ మీద చదివితే నేను గూడ గింత గట్టిగ మాట్లాడుతుంటి."

స్టార్టర్ డబ్బా తాళం నా దగ్గరే ఉంటుంది. పచ్చ బటన్ నొక్కాను. ఆమె గోడ అవతలికి పోయి, నీళ్ళు తాకగానే కూత పెట్టే టేపును బోరులోకి దింపింది. మా ఇద్దరి మధ్య ఫోను.

"అట్లనే ఉన్నయ్ తాతా."

"చెప్పిన్నా లేదా?"

కాసేపటికి మళ్ళీ కూత. "జర దిగినయ్."

"టేపు వంకర పోయిందేమో చూడు."

మోటారు నడుస్తూనే ఉంది. ఫోను చెవికి ఇంకా నొక్కుకున్నాను.

"జానెడు దిగినయ్. ఇగ బంద్ చేయున్రి."

ఎర్ర బటన్ నొక్కాను. కొంతసేపటికి, "మళ్ళ ఎక్కుతున్నయ్" అంది. నేనే ఇంకోసారి నడిపిస్తానన్నాను. మళ్ళీ దిగాయి. ఆపాను. ఎక్కాయి.

నేల వాలు చూశాను గానీ నీళ్ళకు కావలసింది నేల వాలు కాదు. మోటారు గుంజేకొద్దీ మా బోరు చుట్టూ నీటిమట్టం పడిపోయి, పగుళ్ళలో నీటి వాలు మా వైపే తిరిగింది. జన్మంతా మోటార్లు బాగుచేసినవాణ్ణి, మోటారు గుంజుతుందన్న సంగతే లెక్కలోకి తీసుకోలేదు.

"ఏం గలిసిందో ల్యాబ్ చెప్తది తాతా. గప్పటిదాక ఎవ్వరు తాగొద్దు."

ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. పక్కింటి టీచరమ్మ, మెదక్ మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, సగం నిండిన బిందెతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏందన్నా, బంద్ వెట్టినవ్? చాయ్ గూడ పెట్టుకోలే."

"అవి పారబోయ్ టీచరమ్మా."

"నువ్వే గదా మంచి నీళ్ళన్నవ్?"

"ఔ. తప్పు చెప్పిన."

ఆమె బిందెలోకి చూసింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. "ఇన్నేండ్లు తాగినం గదన్నా" అంది నెమ్మదిగా.

ఆమె బిందె మోరీలోకి ఒంపుతున్న చప్పుడు వెనక వినబడుతుంటే, రెండో ఇంటి తలుపు కొట్టాను.