అత్తమ్మ అరచేయి, పాప వీపు

మూడో నెల పాపను తీసుకుని మల్కాజ్‌గిరిలో అత్తవారింటికి వచ్చిన మర్నాటి నుంచే నాకు ఒకచోట కాలు నిలవలేదు. పాపకు నీళ్లు పోసే పని అత్తమ్మది. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పాపను వాటిమీద బోర్లా పడుకోబెట్టుకుని చెంబుతో పోసేది. పోసే ముందు బకెట్లో అరచేయి ముంచి వేడి చూసేది. ఆ చేయి మీదే నా ఫిర్యాదు. ముప్పై ఏళ్లుగా పెనం మీది రొట్టెను వేళ్లతో తిప్పిన చేయి అది. పైగా పొద్దున్నుంచీ వేడినీళ్లలో బట్టలు జాడించి వచ్చేది.

మారేడ్‌పల్లిలో ఒక స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. చర్మంలోని నరాల కొసలు వేడి ఎంతుందన్న దానికన్నా ఎంత మారిందన్నదే మెదడుకు గట్టిగా చెబుతాయని, వేడిలో నానిన చేయి కాసేపటికి ఆ వేడిని పట్టించుకోదని పిల్లలకు నీళ్ల గిన్నెలు పెట్టి మరీ చూపించేదాన్ని.

"నీళ్లు వేడిగా ఉన్నాయి అత్తమ్మా."

"గింత పరేషాన్ ఏందమ్మా? నీ మొగనికి సుత గీ చేతులతోనే పోసిన. పుస్తకం జూసి పొయ్యాల్నా?"

తలుపు దగ్గర తోడికోడలు కిసుక్కుమంది. "టీచరమ్మ గదా, మార్కులేస్తది!"

ఆ నవ్వు నేటికీ మర్చిపోలేదు. నీళ్లు పోసినంతసేపూ పాప గుక్కపెట్టి ఏడ్చింది, వీపు ఎర్రబడింది. నలుగు పెట్టినందుకట. మా ఆయనకు చూపిస్తే, పేపర్లోంచి తల ఎత్తకుండా "అమ్మకు తెల్వదా?" అన్నారు. అదీ మర్చిపోలేదు.

మూడో రోజు పాపను ఎత్తుకుని బకెట్‌కు అడ్డంగా నిలబడ్డాను.

"మోచేయి పెట్టి చూడండి. అక్కడ చర్మం పలచన. చూస్తేనే పాపను ఇస్తాను."

"మొండిది" అంటూ విసురుగా మోచేయి ముంచింది. మరుక్షణమే "అబ్బ!" అని లాక్కుంది. ఎర్రబడిన చోటును చాలాసేపు చూసుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. రెండు చెంబుల చన్నీళ్లు కలిపి, మళ్లీ మోచేయి పెట్టి చూసి, "ఇగ తే" అని చేతులు చాపింది.

వారం తిరక్కుండానే పక్కింటావిడకు చెబుతోంది: "అరచేయి గాదు, మోచేయి పెట్టి చూడాలె. మా అమ్మ జెప్పేది."

"నేను చెప్పాను" అన్నాను వంటింట్లోంచి.

"ఎవలు జెప్తే ఏంది? పోరి ఏడుస్తలేదు గదా!"

నిజమే, ఏడవడం లేదు. అయినా చెప్పింది నేను.