నేను చదవని ఆరు పేర్లు

నాలుగక్షరాలు వచ్చన్న గర్వంతో ఒక మంచి మనిషి ఉద్యోగానికి ఎలా ఎసరు పెట్టానో చెబుతాను. కాస్త సర్దుకుని కూర్చోండి. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. అత్తిముగం దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. బడి గడప తొక్కినదాన్ని కాను. మా నాయనే రోజూ పూజయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, భజన పాటల పుస్తకంలో అక్షరాలు నేర్పారు. ఆ పుణ్యం ఆయనది. తర్వాత జరిగిన పాపం పూర్తిగా నాది.

శెనక్కాయ పంటకు సర్కారు సాయం ఇస్తున్న రోజులవి. సాయం ఎవరెవరికి వచ్చిందో దాపరికం లేకుండా ఊరందరి ముందూ చదవాలి. గ్రామసేవకుడు సైకిల్ మీద పేర్ల పట్టీ తెచ్చాడు.

"నేను చదివితే కల్పించి చదివినానంటారు. మీ ఊరి మనిషే చదవాలప్పా. పేరు లేనోళ్లు ఈడనే, ఇప్పుడే అడగండి," అన్నాడు.

బడి అయ్యవారు హోసూరు పోయి ఉన్నారు. మా మామ మీసం దువ్వారు. "మా కోడలు చదువుతాది!"

కొంగు సవరించుకుని, దేవుడికి మొక్కి, పట్టీ అందుకున్నాను. మొదటి మాటే చేపముల్లులా గొంతులో గుచ్చుకుంది. కృష్ణగిరి! మా ఆయన పేరు కృష్ణప్ప. కట్టుకున్నవాడి పేరు నోట పలకవచ్చునా? (రాస్తే తప్పులేదని తర్వాత తెలిసింది. అందుకే ఇక్కడ ఇంత ధైర్యం.)

"మామిడికాయల ఊరి ఆఫీసు పట్టీ," అని చదివాను. కృష్ణగిరి మామిడికి పేరున్న ఊరు మరి! గ్రామసేవకుడు కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

ఉన్నవి పది పేర్లు. అందులో కృష్ణప్పలే నలుగురు! మామగారి పేరు మునియప్ప, అదీ పలకరాదు. మునియప్పలు ఇద్దరు. ఆరుగురినీ భక్తిగా దాటేసి, మిగిలిన నలుగురినీ గుడిగంటలా ఖంగుమని చదివి, "అయిపోయింది" అన్నాను.

"నా పేరు యాడబోయింది?" అని ముందుగా లేచినదెవరనుకున్నారు? మా ఆయనే!

"నాదీ లేదప్పా! అర్జీ పెట్టినా కదా!"

"మా సాయం ఎవరు మింగినారు సారూ?"

"ఆ సైకిల్‌ను పట్టుకోండప్పా! కలెక్టరుకు రాస్తాం. ఈయన ఉద్యోగం ఊడాల!"

గ్రామసేవకుడి మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. "పది పేర్లూ నా చేత్తోనే రాసినానప్పా! నా బిడ్డల మీద ఆన! నువ్వన్నా చెప్పమ్మా!"

ఏం చెప్పను? చెప్పాలంటే ఆ పేర్లే పలకాలి. గ్రామసేవకుడు చదివితే ఎవరూ నమ్మరు. ఇంకెవరికైనా ఇద్దామంటే అక్కడ అక్షరం వచ్చినదాన్ని నేనొక్కతెనే. ఆడవాళ్లలో కూర్చున్న అత్త దగ్గరికి పరుగెత్తాను.

"అత్తా, మీ కొడుకు పేరుంది. అదే పేరు ఇంకో మూడుసార్లుంది. మామ పేరు రెండుసార్లుంది."

అత్త నెత్తి కొట్టుకుంది. "ఓ యప్పల్లారా, ఆగండి! మింగింది సారు కాదు, నా కోడలు! కృష్ణప్పలు నలుగురూ ఉండారు! ఇంకా ఇద్దరు... ఇద్దరు..." అని తానూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకది పెనిమిటి పేరు కదా!

"మునియప్పలా?" అన్నాడు గ్రామసేవకుడు నీరసంగా. ఇద్దరం గబగబా తలలూపాం. సైకిల్ విడుదలైంది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ మనిషికి నేటికీ దీపం పెట్టేటప్పుడు దండం పెట్టుకుంటాను.

పోతూ పోతూ పట్టీ అడుగు చూశాడు. "చదివినోళ్ల వివరం రాయాలమ్మా. భర్త పేరు?"

ఈసారి నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"నోటితో అనగూడదు గానీ, చేత్తో రాస్తే ఏం దోసమే?" అంది అత్త.

ఊరంతా నా వైపు చూసింది. నేను గ్రామసేవకుడి చెవిమీది పెన్సిల్ వైపు చూశాను. అది మొదటినుంచీ అక్కడే ఉంది!

ఆ పేరు రాసిచ్చి, ఇంటికి రాగానే కర్పూరం వెలిగించి ప్రమాణం చేశాను: సర్కారు పట్టీ చదవమని ఇక ఎవరు పిలిచినా సరే, ముందు మా ఆయన పేరు మార్చుకుని రావాలి, ఆ తర్వాతే నేను నోరు తెరుస్తాను.