రాతి మీది తేనెముద్ద

మా వంశంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. అందువల్లనే కాబోలు, రాసి ఉన్న మాట మీద నాకు అవసరానికి మించిన నమ్మకం.

అత్తిమంజేరిపేట దాటాక కొండ పాదాన ఒక మామిడితోపును మామ, అంటే అమ్మకు అన్న, గుత్తకు చేస్తున్నాడు. కిందటేడు పిందెల కాలంలో, నేను పనిచేసే ఫ్యాక్టరీకి రెండు రోజుల సెలవు పెట్టి, ఆయనకు తోడుగా కాపలాకు వెళ్లాను. ఆ కొండ మీద ఎలుగుబంట్లు ఉన్నాయి. పండ్లు మాగితే తప్ప అవి తోపులోకి దిగవని మామ ధీమా. నేను మాత్రం ఎలుగులు తిరిగే చోట పాటించవలసిన జాగ్రత్తలన్నీ ఫోన్‌లో చదివి, కాగితం మీద వరుసగా రాసుకున్నాను. ఎలుగులు చెదల కోసం తవ్వే పుట్టలకు దూరంగా గుడారం వేశాను. అన్నం, ఊరగాయ, అరటిపండ్లు, చివరికి సబ్బు కూడా డబ్బాలో పెట్టి, దూరాన ఒక ఎత్తైన కొమ్మకు కట్టాను.

మామ నులకమంచం మీద కూర్చుని చూస్తున్నాడు.

“ఎలుగ్గొడ్డుకు సదువొచ్చునా అల్లుడా? ఆ కాయితం దాన్కి సూపిస్తే సదువుకోని పోతాదా?”

“మనం చదివితే చాలు మామా.”

“సరి సరి. నా బీడీకట్ట గూడా కట్టేసినావు సూడు.”

తోపులో ఒక నిలువు రాయి ఉంది. దానిని మావాళ్లు తిరుత్తణి సామిగా కొలుస్తారు. సామికి పెట్టమని అమ్మ తేనె కలిపిన కొర్రపిండి ముద్ద ఇచ్చి పంపింది. సాయంత్రం స్నానం చేసి, ఆ ముద్దను రాతి మీద పెట్టి, దణ్ణం పెట్టుకున్నాను. మామ మంచం ఆ రాతికి ఆరడుగుల దూరంలో ఉంది. నా కాగితంలో తిండి పదార్థాలన్నీ ఉన్నాయి. నైవేద్యం తిండి అని నాకు తోచలేదు.

తెల్లవారుతుండగా కొలిమితిత్తి ఊదినట్టు శబ్దం వినబడి గుడారం తెర తొలగించాను. ఎలుగుబంటి రాతిని నాకుతోంది. మామ మంచం మీద అటు తిరిగి కదలకుండా పడుకుని ఉన్నాడు. బతికి ఉన్నాడో లేదో నాకు తెలియలేదు. అంతలో ఆయన గొంతు, పసిబిడ్డను జోకొడుతున్నంత మెల్లగా వినిపించింది.

“లేయొద్దు అల్లుడా. పరిగెత్తొద్దు. అది తినేసి పోతాది.”

రాతిని పూర్తిగా నాకి, అది ఒక్కసారి మంచం వైపు ముట్టె ఎత్తి వాసన చూసింది. తరువాత కొండదారి పట్టింది.

చాలాసేపటికి గాని మామ లేవలేదు. నేను చేసినది చెప్పాను. ఆయన తిట్టలేదు.

“సామికి సూపించి మనం తినేసుండాల. అట్లే ఇడిస్తే ఎట్లా?”

ఇంటికి వెళ్లగానే అమ్మ అడిగింది. “పెట్టినావా నాయినా?”

జరిగినదంతా చెప్పాను. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఈ ఏడు తోపుకు బయలుదేరేటప్పుడు మళ్లీ ముద్ద కట్టి ఇచ్చింది. దానితో పాటు ఒక సీసా నిండా పసుపునీళ్లు.

“సామికి సూపించి ఇద్దురూ తినేయండి. రాయి బాగా కడుగు. అన్న మంచం యాడుండాదో సూసి కడుగు.”