మాట వినని ఆటగాడు

"మాట వినడు. అంతే రాసెయ్, ఖలాస్," అంటూ మా ఆఫీసు పెద్దాయన మెడలోని విజిల్ తీసి బల్ల మీద పడేశాడు.

దోహా పక్కనున్న అల్ రయ్యాన్‌లోని ఒక బాస్కెట్‌బాల్ హాల్లో ఉన్నాం. బయట మే నెల ఎండ. లోపల ఏసీ చలికి నేను చున్నీ భుజాల నిండా కప్పుకుని కూర్చున్నాను. అమెరికా నుంచి శిక్షణ శిబిరానికి వచ్చిన కాలేజీ ఆటగాళ్లు కొందరు కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నారు. పెద్దాయన వాళ్లలో ఒకణ్ణి రెండుసార్లు గట్టిగా పిలిచాడు. అతను తల కూడా తిప్పకుండా బంతి కొట్టుకుంటూ అవతలికి వెళ్లిపోయాడు. పెద్దాయనది లెబనాన్. జీవితమంతా కోచింగ్‌లో గడిపిన మనిషి. పిలిస్తే ఆటగాళ్లు పరిగెత్తుకు రావడమే ఆయనకి తెలుసు.

నా ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి. విజయవాడలో చదువుకునే రోజుల్లో నేను యూనివర్సిటీ జట్టుకి ఆడాను. పెళ్లయ్యాక మావారి ఉద్యోగం మూలంగా దోహా వచ్చి, కొన్నాళ్లు స్కూల్లో ఆటల టీచరుగా పనిచేసి, తర్వాత పెద్దాయన నడిపే చిన్న ఆఫీసులో చేరాను. అమెరికాలో ప్రొఫెషనల్ క్లబ్బులు ఏటా కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అలాంటి ఒక క్లబ్బు కోసం మేం ఆటగాళ్ల వీడియోలు చూసి, వీలైతే మనిషిని కూడా చూసి, రిపోర్టు రాస్తాం. ఎవరు ఎంత ఎత్తు ఎగురుతారో మిషన్లే చెప్తాయి. ఒత్తిడిలో ఎలా ఉంటాడు, తోటివాళ్లతో ఎలా మెలుగుతాడు, అవి మాత్రం మేం చెప్పాలి. స్వభావం గురించి రాసే ఒక్క వాక్యం ఆటగాణ్ణి ఎంత కిందికి తోసేస్తుందో నాకు తెలుసు.

ఈ ఆటగాడి షాట్ చూడముచ్చటగా ఉండేది. ఎంత దూరం నుంచి వేసినా బంతి రింగుని తాకకుండా వలలోంచి జారిపోయేది. కానీ అతని మీద ఒక మచ్చ ఉంది. కాలేజీలో ఆడిన చివరి మ్యాచ్ ముగియబోతుండగా ఇతని జట్టు కాస్త వెనకబడి ఉంది; కోచ్ గీత పక్కన నిలబడి 'ఫౌల్ చెయ్, గడియారం ఆపు' అని గొంతు చించుకున్నా ఇతను పట్టించుకోలేదు. అవతలి జట్టు తీరిగ్గా సమయం గడిపేసి గెలిచింది. కోచ్ తువ్వాలు నేలకేసి కొట్టిన వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. పొగరుబోతు అన్నారు. ఇప్పుడు పెద్దాయన కూడా అదే అంటున్నాడు.

"రేపు కూడా చూసి రాస్తానండీ," అన్నాను.

"ఇంకా చూడ్డానికేముంది?" అంటూ ఆయన టీ కోసం లేచాడు.

విరామంలో ఆటగాళ్లు బెంచీ మీదికి చేరారు. మధ్యలో చోటున్నా అతను వెళ్లి ఎడమ చివర కూర్చున్నాడు. అంతలో ఇంకొకడు వచ్చి అతని ఎడమపక్కన ఇరుక్కోబోయాడు. ఇతను నవ్వుతూనే లేచి, వాణ్ణి లోపలికి జరిపి, మళ్లీ తనే చివరికి మారాడు.

అలా చోటు మారడం నేను రోజూ మా ఇంట్లో చూస్తాను.

కొన్నేళ్ల కిందట వచ్చిన ఒక జ్వరంతో మావారి ఎడమ చెవి పూర్తిగా పోయింది. అప్పటినుంచి హోటల్లో కూర్చున్నా, పెళ్లిలో కూర్చున్నా ఎడమపక్క గోడ ఉండేలా చూసుకుంటారు. ఖతర్‌లో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి కారులో నా మాటలు ఆయన కుడిచెవిలో పడతాయి. హైదరాబాద్ వెళ్లినప్పుడు మాత్రం కారులో నాలో నేనే మాట్లాడుకున్నట్టుంటుంది.

మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్లి అతని మ్యాచ్‌లన్నీ మళ్లీ పెట్టాను. ఈసారి బంతిని చూడలేదు, అతన్ని పిలిచేవాళ్లని చూశాను. తోటి ఆటగాడు కుడివైపు నుంచి అరిస్తే ఇట్టే తిరుగుతున్నాడు. ఆట గోలలో ఎడమవైపు నుంచి అరిస్తే అసలు అరుపే లేనట్టు ఉంటున్నాడు. ఆ చివరి మ్యాచ్‌ని ఆఖరున పెట్టాను. కోచ్ నిలబడింది అతనికి ఎడమపక్కనే.

అల్ ముంతజాలోని మా ఫ్లాటుకి వచ్చాక కూడా మనసు కుదుటపడలేదు. మావారు సైట్లో సేఫ్టీ ఇంజనీరు. ఆయనది కరీంనగర్ వైపు.

"ఏమైంది, గట్ల కూసున్నవ్? చాయ్ సల్లారిపోతున్నది," అన్నారు.

అంతా చెప్పాను. ఆయన టీవీ ఆపేశారు.

"నువ్వేమన్న డాక్టర్వా?"

"కాదు. కానీ మిమ్మల్ని చూస్తున్నదాన్ని కదా."

"గిది రాస్తివంటె గా పిలగాని గతేంది?"

"రాయకపోతే పొగరుబోతు అని రాయాలి. అది అబద్ధం కదండీ."

ఆయన చాయ్ కప్పు నా చేతికి అందించారు. "మా కంపెనీల జెప్పనీకె నేనెంత భయపడ్డనో నీకెరుకే. డ్యూటీల్నుంచి తీసేస్తరు, ఇంటికి తోలిస్తరు అనుకున్న. కని చెప్పెదాంక సైట్ల అడుగేస్తె గుండె దడదడ. ఎడమదిక్కు నుంచి ఏ బండొస్తదో తెల్వకపోయేది."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"ముందుగాల గా పిలగాన్నే అడుగు. చెవి వానిది. మీ బాస్‌కు తర్వాత చెప్పొచ్చు."

ఆ 'తర్వాత'కి నాకు ఎంతో వ్యవధి లేదు. మర్నాడు సాయంత్రానికల్లా రిపోర్టు క్లబ్బుకి చేరాలి. ఆటగాడి గురించి తెలిసింది ఏదీ దాచకూడదని ఒప్పందం. దాచామని తెలిస్తే నా ఉద్యోగంతో పాటు పెద్దాయన ఆఫీసు కూడా పోతుంది.

పొద్దున్న అందరికన్నా ముందే హాలుకి వెళ్లాను. అతను ఒంటరిగా షాట్లు వేసుకుంటున్నాడు. ఎడమవైపు నుంచి మెల్లగా పిలిచి చూద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. మనిషికి అలా పరీక్ష పెట్టడానికి మనసొప్పలేదు. చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్లాను. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే.

"నీకు ఎడమ చెవి వినిపించదు కదూ?"

బంతి పట్టుకున్న చేతులు అలాగే ఆగిపోయాయి. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మావారికీ అంతే."

"నాకు బాగానే వినిపిస్తుంది," అని షాట్ వేశాడు. బంతి రింగుకి తగిలి ఎటో పోయింది. వెళ్లి తెచ్చుకుని, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "రాస్తారా?"

"నిన్ను అడక్కుండా రాయను. మాట వినడు అని కూడా రాయలేను."

"అదే రాయండి, ఫర్వాలేదు."

"ఎందుకు?"

"పొగరుబోతు అంటే ఏదో ఒక క్లబ్బు ఓర్చుకుని తీసుకుంటుంది. చెవిటివాడు అంటే..." అంటూ బంతిని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి ఆ చెవి పోయిందట. వాళ్లమ్మ స్కూలు కోచ్‌తో ఆ సంగతి చెప్పిన నాటి నుంచి అతన్ని ఆడించడం మానేశారట. ఊరు మారాక ఇంకెవరికీ చెప్పలేదు, కాలేజీ కోచ్‌కి కూడా. "ఆ మ్యాచ్ అయ్యాక కోచ్ తిట్టిన తిట్లన్నీ వినిపించాయి. కుడిపక్కకి వచ్చి తిట్టాడు," అని నవ్వబోయి నవ్వలేకపోయాడు.

అంతలో తలుపు తోసుకుని పెద్దాయన వచ్చాడు. "యల్లా, యల్లా!" అని అరబ్బీలో తొందరపెడుతూ చప్పట్లు కొట్టాడు. మా మాట మధ్యలోనే తెగిపోయింది.

ఆ రోజు రెండు జట్లుగా ఆడించారు. ఆట చురుగ్గా సాగుతోంది. బంతితో వెళ్తున్నవాణ్ణి ఇతను వెంటాడుతున్నాడు. అవతలి జట్టులోని అందరికన్నా భారీ మనిషి వచ్చి ఇతనికి ఎడమవైపు గోడలా నిలబడ్డాడు. ఆటలో అది మామూలే. ఆ పక్కనే వెనకనున్న తోటివాడు కేకేసి హెచ్చరించాలి. వాడు కేకేశాడు. అంత గోలలోనూ నాకు వినిపించింది. ఇతను మాత్రం అదే వేగంతో వెళ్లి ఆ మనిషిని ఢీకొన్నాడు. గిరుక్కున తిరిగి పడ్డాడు. తల చెక్కనేలకి కొట్టుకున్న చప్పుడు నేను కూర్చున్నచోటికి వినిపించింది.

కుడిచెంప నేలకానించి పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. ఫిజియో పరుగున వచ్చి వీపు వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కదలకు. నీ పేరేంటి? ఎక్కడున్నావు?" అని అడిగాడు. జవాబు లేదు. గట్టిగా అడిగాడు. ఊహూఁ. "తెలివిలో లేడు, అంబులెన్స్ పిలవండి!" అని అరిచాడు. పెద్దాయన ఫోన్ తీసి నంబరు నొక్కాడు. ఆటగాళ్లు చుట్టూ మూగి అలాగే నిలబడిపోయారు.

అతని మంచి చెవి నేలకి అదిమి ఉంది. పైకి ఉన్నది వినిపించని చెవి.

ఆ మాట పైకి అనేస్తే అందరికీ తెలిసిపోతుంది. అనకుండా ఊరుకుంటే ఇక్కడ ప్రాణం సంగతి. ఎలా వెళ్లానో తెలియదు, వెళ్లి అతని ఎదుట నేల మీద బోర్లా పడుకున్నాను. నా చెంప కూడా నేలకానించి అతని కళ్లలోకి చూశాను. పెదాలు కనిపించేలా, ఒక్కో మాటా విడదీసి, ఫిజియో అడిగినవే అడిగాను. అతను పేరు చెప్పాడు. దోహా అన్నాడు. స్కోరు కూడా చెప్పాడు. చెప్పినవన్నీ సరైనవే.

"మరి నేనడిగితే ఎందుకు పలకలేదు?" అంటూ ఫిజియో అతని మొహం ఎదుటికి వచ్చాడు.

నేను నోరు మెదపలేదు. అతను నా వైపే చూస్తున్నాడు. నేను చెప్పనని అతనికి అర్థమైందనుకుంటాను.

"నా ఎడమ చెవి పనిచేయదు. చిన్నప్పటి నుంచీ," అన్నాడు అందరికీ వినిపించేలా.

ఆసుపత్రిలో స్కానింగులు చేసి, తలలో ప్రమాదమేమీ లేదని, కొన్నాళ్లు ఆట మానమని చెప్పారు. వరండాలో నేనూ పెద్దాయనా పక్కపక్కన కూర్చున్నాం.

"నీకు ముందే తెలుసా?"

"నిన్న అనుమానం వచ్చింది. పొద్దున్న రూఢి అయింది."

"నాకు చెప్పలేదేం?"

"అతన్ని అడక్కుండా ఎలా చెప్పమంటారు?"

ఆయన కోపంతో లేచి కిటికీ దాకా వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఆ కోపం కనిపించలేదు. "నిన్న నేనతన్ని ఎటువైపు నుంచి పిలిచాను?" అని అడిగాడు.

"ఎడమవైపు నుంచి."

ఆయన మొహం రుద్దుకుని మళ్లీ నా పక్కన కూర్చున్నాడు.

నేను లోపలికెళ్లి అతని మంచం పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఏం రాయమంటావని అతన్నే అడిగాను. "ఉన్నది రాయండి. కానీ రెండువైపుల వీడియోలూ పంపండి. కుడిపక్క ఎలా ఆడతానో కూడా చూడాలి వాళ్లు," అన్నాడు. అలాగే పంపాను. చేతి సైగలతో, భుజం తట్టి హెచ్చరించడంతో ఈ లోటు చాలావరకు పూడ్చవచ్చని నా అభిప్రాయం జోడించాను. పెద్దాయన చదివి, ఒక్క అక్షరం మార్చకుండా తన పేరు కూడా కింద చేర్చాడు.

క్లబ్బు వాళ్లు మాకు వీడియో కాల్ పెట్టి గంటకు పైగా ప్రశ్నలు వేశారు. మిగతా క్లబ్బులకి తెలుసా అనేదే మళ్లీ మళ్లీ అడిగారు. ఇక దాచి లాభం లేదని మర్నాడు అతనే తన ఏజెంటు చేత అన్ని క్లబ్బులకీ చెప్పించాడు. దాంతో అతను ఎంపిక వరసలో ఎంత కిందికి జారతాడోనన్న చర్చలు ఇంటర్నెట్‌లో మొదలయ్యాయి. డ్రాఫ్ట్ వచ్చేదాకా అవి చదవకుండా ఉండలేకపోయాను.

డ్రాఫ్ట్ ఫలితాలు మాకు పొద్దుటి పూట తెలిశాయి. కాఫీ కలుపుతుంటే పెద్దాయన ఫోన్ చేశాడు. మా క్లబ్బు వంతు వచ్చినప్పుడు అతన్ని వదిలేసి వేరొకణ్ణి తీసుకుందట. ఆశ వదులుకోవాల్సిన సమయంలో, ఎవరూ ఊహించని ఒక చిన్న ఊరి క్లబ్బు అతని పేరు చదివిందట.

ఫోన్ పెట్టేసి వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడ్డాను. డ్యూటీకి బయల్దేరుతున్న మావారి కుడిపక్కకి వెళ్లి చెప్పాను.

"మీ క్లబ్బోల్లు ఎందుకు తీస్కోలే?"

"భయపడ్డారు."

"మరి గీల్లు భయపడలేదా?"

"భయపడే ఉంటారండీ. అయినా తీసుకున్నారు."

ఆయన బూట్లు కట్టుకుంటూ తలూపారు. "మంచిగైంది," అని హెల్మెట్ తీసుకుని లిఫ్టు వైపు నడిచారు.