పెద్దమ్మను లారీ కింద వేయమన్నవాళ్ళు

కథల పోటీల మీద నాకు ఎన్నడూ గౌరవం లేదు. అయినా పంపుతూనే వచ్చాను. ఆదోనిలో మాది పత్తి వ్యాపారం చేసే ఇల్లు. మా ఇళ్ళల్లో ఆడది కథ రాస్తానంటే ఎవరూ అడ్డు చెప్పరు, అట్లాగని ఎవరూ చదవరు కూడా. చదివేవాళ్ళు కావాలంటే పోటీ ఒక్కటే దారి అనుకున్నాను.

నేను పంపిన మొదటి కథ మా పెద్దమ్మది. ఎమ్మిగనూరులో పెదనాన్న పోయాక విత్తనాల అంగడి ఆమె మీద పడింది. రోజూ ఆటోవాళ్ళతో వాదించలేక, యాభై దాటిన వయసులో స్కూటీ కొని నేర్చుకుంది. కొంగు నడుముకు బిగించి, వెనక విత్తనాల సంచి కట్టుకుని, చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేది. అదే రాశాను. సాధారణ ప్రచురణకు తీసుకుంటున్నామని, సభకు రమ్మని కబురు వచ్చింది.

సభలో ముఖ్య అతిథి తన చిన్నతనం గురించి మాట్లాడాడు, తన పుస్తకాల గురించి మాట్లాడాడు, భోజనాల వేళ దాటిపోయిందని ఎవరో చీటీ అందిస్తే దాని మీద కూడా మాట్లాడాడు. కథలు మాత్రం ఒక్కటీ చదవలేదని తెలుస్తూనే ఉంది. నన్ను "కరువు నేల నుంచి వచ్చిన సోదరి" అని పరిచయం చేశారు. కప్పిన శాలువాను ఫొటో కాగానే నా భుజాల మీది నుంచి తీసి, నా తర్వాతి ఆవిడకు కప్పారు. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు.

ఆ సభలో పరిచయమైనవాళ్ళే తర్వాత ఒక కథా శిబిరానికి పిలిచారు. ఊరికి దూరంగా తోటలో బస. పొద్దున ఉప్మా, ఆ తర్వాత కథలు. ఒకరు చదవాలి, చుట్టూ కూర్చున్నవాళ్ళు అభిప్రాయాలు చెప్పాలి. నేను పెద్దమ్మ కథే చదివాను.

గోదావరి వైపు నుంచి వచ్చిన ఒకాయన ముందుగా గొంతు సవరించుకున్నాడు. "బాగుంది మేడమ్. కానీ ఇందులో కరువేదండీ?"

"ఇందులో కరువు లేదండీ. స్కూటీ ఉంది."

"సీమ కథ కదండీ! కరువో, కక్షలో, ఏదో ఒకటి ఉండాలి కదా."

పక్కనున్న ఆవిడకు ఇంకో లోపం కనిపించింది. "ఎవరూ చనిపోలేదు. చివర్లో పెద్దమ్మ లారీ కింద పడితే పాఠకుడి గుండె కలుక్కుమంటుంది."

"ఆమె బతికే ఉందండీ. నిన్న పొద్దున కూడా ఫోన్ చేసింది."

"అది జీవితం. ఇది సాహిత్యం," అంది ఆవిడ, నా మీద జాలిపడుతూ.

గోదావరాయన మళ్ళీ అందుకున్నాడు. నా సంభాషణల్లో యాస చాలలేదట, ఇంకాస్త దట్టించాలట. మా జిల్లాను ఆయన రైలు కిటికీలోంచి తప్ప చూడలేదని అంతకుముందే టిఫిను దగ్గర చెప్పాడు. నేను పుట్టి పెరిగిన మాటను ఆయన నాకు నేర్పుతుంటే, చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతూ రాసుకున్నారు.

శిబిరానికి పెద్దదిక్కు ఒక ముసలి విమర్శకుడు. దిండుకు ఆనుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, మధ్యమధ్యలో గురక పెట్టేవాడు. మేలుకుని ఉన్నప్పుడు తాను ఎవరెవరిని రచయితలుగా తయారుచేశాడో చెప్పేవాడు. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"మీ పెద్దమ్మకు భయం లేదేం? ఆ వయసులో బండెక్కితే ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. మీరు ఆమెను మెచ్చుకుంటున్నారమ్మా, చూడటం లేదు."

అని మళ్ళీ తన శిష్యుల గొప్పల్లోకి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. మిగతావాళ్ళ మాటలు తోటలోనే వదిలేసి రాగలిగాను. ఈ ఒక్కటీ బస్సులో నా పక్కనే కూర్చుని ఆదోని దాకా వచ్చింది.

ఆ వారమే ఎమ్మిగనూరు పోయాను. పెద్దమ్మ అంగట్లో సంచుల మీద కూర్చుని ఉంది. బండి నేర్చుకున్నప్పుడు భయం కాలేదా అని అడిగాను.

"ఏమే, ఇప్పుడడుగుతాండావు? రాసేటప్పుడు అడగల్యా?" అంది. "భయం కాకేమి? పడతానని కాదు. మార్కెట్ యార్డు కాడ టీ అంగడి ఉండాది సూడు, ఆడ కూచున్నోళ్ళు నవ్వుతారని. వాళ్ళంతా మీ పెదనాయనకు దండం పెట్టినోళ్ళు."

"పడినావా మరి?"

"పడినా. మోకాలు సీరుకపోయింది. ఒగరన్నా నవ్వల్యా. అందరూ లేసి ఉరికొచ్చిరి. ఒగడు బండి ఎత్తినాడు, ఒగడు నీళ్ళు తెచ్చినాడు. అయ్యో పాపం, మొగుడు లేని మనిసి అనిరి. నవ్వింటే తిట్టిపోసేదాన్ని. పాపం అనేసరికి ఇంటికొచ్చి తలుపేసుకోని ఏడిస్తి." పక్కనున్న సంచి మూతి బిగించి కడుతూ, "మర్సటి రోజు మళ్ళా ఆ టీ అంగడి ముందే తిప్పినా. హారన్ కొట్టుకుంటా," అంది.

ఆ ముసలాయన చెప్పింది నిజం కావడం నాకు ఎంత అవమానంగా తోచిందో చెప్పలేను. కథ మొత్తం మళ్ళీ రాశాను. ఇంకో పోటీకి పంపాను. ఏ బహుమతీ రాలేదు.

మొదటి బహుమతి గోదావరాయనకు వచ్చింది. కథ మా ఆదోనిలోనే జరుగుతుంది. నేల బీటలు వారుతుంది. ఒక విధవరాలు స్కూటీ మీద పోతూ లారీ కింద పడుతుంది. అందులో మనుషులు మాట్లాడే భాష ఆదోనిలో గానీ, హాలహర్విలో గానీ, ఈ భూమ్మీద ఇంకెక్కడ గానీ ఎవరూ మాట్లాడరు. మట్టివాసన గుప్పుమందని న్యాయనిర్ణేతలు రాశారు. గోదావరాయనకు ఫోన్ చేసి అడిగాను. "ప్రేరణ అండీ," అన్నాడు, ఏ మాత్రం తడబడకుండా.

నా కథను ఒక చిన్న పత్రిక వేసుకుంది. పెద్దమ్మకు తీసుకుపోయి ఇస్తే, అద్దాలు పెట్టుకుని ఆ పూటే చదివింది. "ఏడ్సింది రాసినావు, పోనీలే. హారన్ కొట్టింది ఇంగా గెట్టిగా రాసింటే బాగుండు," అంది.

విమర్శకుడు కూడా ఎట్లాగో చదివాడు. అప్పటినుంచి ప్రతి సభలోనూ నన్ను తానే తయారుచేశానని చెప్పుకుంటున్నాడట. విన్నప్పుడల్లా అసహ్యం వేస్తుంది. ఆ మనిషి గొప్పలు, ఆ గురక, శిష్యుల పేర్లు తలుచుకుంటేనే చిరాకు.

కానీ కొత్త కథ పూర్తయితే ముందు పంపేది ఆయనకే. జవాబు పొడుగ్గా వస్తుంది, అందులో తొంభై పాళ్ళు ఆయన గురించే. నేను పళ్ళు బిగబట్టి, నా కథ గురించిన ఆ ఒక్క ముక్క ఎక్కడుందా అని వెతుక్కుంటూ చదువుతాను.