ఊట మీద ఎర్రటి అక్షరాలు

కంప్యూటర్‌లో బొమ్మ పెట్టడం నేర్చుకున్న రోజు నాకు ఆకలి కూడా తెలియలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. అనంతగిరి దగ్గర మంచినీళ్ళ పనులు చూసే చిన్న సంస్థలో ఉద్యోగం నాది. "ఇన్సర్ట్" నొక్కి ఫోటో ఎంచుకోగానే, నేను రెండు గంటలు కొండెక్కి చూసొచ్చిన ఊట తెరమీదకి వచ్చి కూర్చుంది. మూల పట్టుకుని లాగితే కొండ పెరిగింది. తోస్తే తగ్గింది. కొండని వేలితో కదిపే యోగం మా వంశంలో ఇంకెవరికీ పట్టలేదని తెగ పొంగిపోయాను.

ఆ ఊట నుంచి పైపు వేస్తే, కింద ఊరి ఆడవాళ్ళకి లోయలో పారే గెడ్డ దాకా దిగి బిందెలు మోసే బాధ తప్పుతుంది. అధికారులకి స్లైడ్లు చూపించి మంజూరు తెచ్చుకోవాలి. అంతకన్నా ముందు, మాకు సమ్మతమేనని ఊరివాళ్ళు కాగితం మీద వేలిముద్రలు వెయ్యాలి. వేసవి వచ్చేస్తోంది. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఏడాదంతా బిందెల మోతే. అందుకని ఆ స్లైడ్లే ముందు ఊరికి చూపిద్దామనుకున్నాను.

వచ్చిన విద్యంతా అందులో కుమ్మరించాను. బొమ్మలు ఎగురుకుంటూ వచ్చేవి, గిరగిరా తిరిగేవి. ఊట ఫోటోలో నీళ్ళున్న చోటు ఖాళీగా కనిపించింది. సరిగ్గా అక్కడే లావుపాటి ఎర్ర అక్షరాలతో "నీటి వనరు" అని రాసి మురిసిపోయాను.

ఊరి బడి గది కిటికీలకి గోనెలు కట్టి, గోడకి తెల్ల పంచె బిగించాం. బయట జనరేటరు దడదడలాడుతోంది. తెరమీద కాఫీ మొక్కలు వచ్చాయి, అందరూ నవ్వారు. మా జీపు వచ్చింది, ఇంకా నవ్వారు. ఊట వచ్చింది. నవ్వు ఆగిపోయింది. ముందు వరసలోవాళ్ళు లేచారు. వెనకవాళ్ళూ లేచారు. ఒక్కొక్కరే వెళ్ళి గుమ్మం బయట జోళ్ళు విడిచొచ్చి నిలబడ్డారు. మగవాళ్ళు తలగుడ్డలు తీశారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఫోటో తీసిన రోజు నాకు దారి చూపిన ముసలామె, ఊట ఇంకా చాలా దూరం ఉండగానే నా చెప్పులు విప్పించింది. అక్కడ తల్లి ఉంటుందని చెప్పింది. విప్పాను కూడా. కానీ ఆ తల్లి నా ఫోటోలోకీ వచ్చిందని నా బుర్రకి తట్టనేలేదు.

ఆ ముసలామే ఇప్పుడు తెర దగ్గరికి వచ్చింది.

"నీళ్ళ మీద ఎర్రగా అదేటి గుంటా?"

"పేరు రాశాను మామ్మా."

"తల్లి నోటి మీద రాసినావు. నోరు మూసీసినాక నీళ్ళెలాగిత్తాది?"

ఆ కాగితం మీద ఒక్క వేలిముద్ర కూడా పడదని అర్థమై, సిగ్గుతో చచ్చిపోయాను. ఆ అక్షరాల మీద నొక్కి, డిలీట్ కొట్టాను. ఎరుపు పోయింది. దాని కింద నీళ్ళు, నాచు పట్టిన రాయి, రాతి మీద ఎవరో పెట్టిన రెండు పూలు. ఆ పూలు నేను అప్పటిదాకా చూడలేదు. ముసలామె చాలాసేపు అలాగే చూసింది. చెంబుతో నీళ్ళు తెప్పించి, పంచె ముందు నేల మీద చిలకరించింది. తర్వాత కాగితం ఇమ్మని, తనే ముందు వేలిముద్ర వేసింది.

అధికారుల ముందు ఆ స్లైడు వచ్చినప్పుడు ఒకాయన, "ఇక్కడేం రాయలేదేం?" అని అడిగారు.

"అక్కడ రాయకూడదండి" అన్నాను.

పని మంజూరైంది. కుళాయి తిప్పే రోజు, ఊట నీళ్ళు వచ్చి పడే కొత్త తొట్టి మీద పథకం పేరు రాయడానికి పెయింటరు ఎర్రరంగు డబ్బాతో వచ్చాడు. ముసలామె వెళ్ళి తొట్టికి వీపు ఆనించి నిలబడి, నా వంక చూసింది.

నేను చెప్పులు విడిచి, వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను.